పెళ్లికూతురు లేని పాట

మా మ్యూజిక్ లేబుల్ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు ఫోన్లో వెతుకుతారు, దొరకదు, అప్పుడు నేను చెప్పే మిగతా సంగతులు కూడా నమ్మరు.

అబిడ్స్‌లో ఒక సందు, రెండో అంతస్తు, ఒక గది. అదే ఆఫీసు, అదే స్టూడియో, మధ్యాహ్నం అదే డైనింగ్ హాలు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని బేగం బజార్ నుంచి దూది బొంతలు తెచ్చి గోడలకు కొట్టాం. చప్పుడు ఎప్పటిలాగే వచ్చింది. ఎండాకాలం మాత్రం ఒకసారి లోపలికి వచ్చాక బయటికి పోలేకపోయింది. సరిగ్గా మా కింది అంతస్తులో మిక్సీలు బాగుచేసే దుకాణం. బాగుచేసిన ప్రతి మిక్సీనీ గిరాకీ కళ్ళముందు గిర్రున తిప్పి చూపించాలి. మేం రికార్డు చేసిన పాటల్లో సగానికి పక్కవాద్యం అదే.

లేబుల్ అంటే ఇద్దరం. నాతో డిగ్రీ చదివిన అమ్మాయి సౌండ్ చూసేది. మిగతావన్నీ నేను చూసేవాణ్ణి. మిగతావన్నీ అంటే చాయ్ తేవడం, ఆశ పెట్టుకోవడం.

ఆ పాట మేం మొదటిసారి విన్నది నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో, మా సౌండమ్మాయి వాళ్ళ బంధువుల పెళ్లిలో. అప్పగింతల వేళ బ్యాండు వాళ్ళు ఆపారు. ఆడవాళ్ళ గుంపులోంచి ఒక పెద్దావిడ లేచి, పెళ్లికూతురి పక్కన నిలబడి, మైకు లేకుండా ఎత్తుకుంది.

"ఉట్టిల పెరుగుంచితి బిడ్డా, ఇగ ఎవరడుగుతరే..."

పెళ్లికూతురు ఏడ్చింది, అది ఆమె డ్యూటీ. వాళ్ళ నాన్న ఏడ్చాడు. వడ్డించేవాడు సాంబారు బకెట్ కింద పెట్టి ఏడ్చాడు. నా కంట్లో కూడా ఏదో పడింది. ఏసీ హాలు కాబట్టి దుమ్మని చెప్పుకోవడానికీ వీల్లేకపోయింది.

ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. మా పక్క సందులోనే చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేస్తుంది. చిన్నప్పుడే ఊరి నుంచి కూలికి వచ్చిన కుటుంబం. గౌలిగూడ, నాంపల్లి గల్లీల్లో పెళ్లంటే ఆవిణ్ణి పిలుస్తారు. మేం వెళ్ళి పాటలు రికార్డు చేస్తామంటే, మిషన్ ఆపకుండానే చెప్పింది.

"జల్ది జెయ్యున్రి బిడ్డా. గొంతుల గడ్డ లేసింది. వచ్చే నెల ఆపరేషన్. బతుకుతవు గాని గొంతు ఎట్లుంటదో జెప్పలేమన్నడు డాక్టరు."

అంటే మాకు మిగిలింది ఒక్క నెలే. ఆ గొంతు ఉండగానే ఆ పాటను పట్టుకోవాలి. మా లేబుల్ పుట్టాక మొదటిసారి మాకు నిజంగా తొందరపడాల్సిన పని దొరికింది. అలవాటు లేక ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం.

మొదటి రోజు కింది దుకాణం ఓనర్ని బతిమాలాను. "పొద్దుగాల షట్టర్ తీయకముందు మీరేం జేస్కున్నా ఫికర్ లేదు భాయ్. తీసినంక మాత్రం నా మిక్సీ నన్ను తిప్పనియ్యున్రి," అన్నాడు. న్యాయమే. పెద్దమ్మ పొద్దున్నే వచ్చి కూర్చుంది. నలుగు పాట పాడింది. తలంబ్రాల పాట పాడింది. వియ్యపురాలిని తిట్టే పాట పాడుతుంటే హెడ్‌ఫోన్లలో మా సౌండమ్మాయి పడీపడీ నవ్వింది. ఒక్కొక్కటీ ఒక్క టేకు. జీవితం ఇంత సులువా అనుకున్నాను. అలా అనుకోకుండా ఉండాల్సింది.

"ఇప్పుడు అప్పగింతల పాట, పెద్దమ్మా."

పెద్దమ్మ నీళ్ళు తాగింది. చుట్టూ చూసింది. "పిల్ల ఏది?"

"ఏ పిల్ల?"

"పోయే పిల్ల. ఆడివిల్ల ఇల్లు దాటేటప్పుడు పాడే పాట అది. ఊకె పాడుతరా? ఊకె పాడితె ఆ ఇంటికి మంచిది గాదు."

"ఇది ఇల్లు కాదు పెద్దమ్మా, స్టూడియో."

"బొంతలున్నయ్, చాయ్ గిన్నె ఉన్నది. మల్ల ఇల్లు గాకుంటె ఏంది?"

చాయ్ గిన్నెను కాలితో పక్కకు తోశాను.

సరే, పిల్ల ఉన్నచోటికే పోదాం అనుకున్నాం. మూఢం మొదలయ్యే ముందు ఆఖరి ముహూర్తానికి నాంపల్లిలోనే ఒక పెళ్లి ఉంది, పెద్దమ్మను పిలిచారు. మైకు తీసుకుని మేమూ వెళ్ళాం. అప్పగింతలు మొదలవగానే మా సౌండమ్మాయి మైకు పట్టుకుని పెద్దమ్మ గడ్డం కింద కూర్చుంది. పెద్దమ్మ ఎత్తుకుంది. అదే సమయానికి జనరేటర్ కూడా ఎత్తుకుంది. డీజే వాడు మైక్ టెస్టింగ్ చేశాడు. పెళ్లికొడుకు బాబాయి మా సౌండమ్మాయి భుజం మీదుగా వంగి ఫోన్లో ఎవరికో ఫంక్షన్ హాలుకు దారి చెప్పాడు. రికార్డింగ్‌లో అతని గొంతు చాలా స్పష్టంగా వచ్చింది. "పెట్రోల్ బంక్ దాటి లెఫ్ట్ కొట్టు" అన్న మాట ఇప్పటికీ మా హార్డ్ డిస్కులో భద్రంగా ఉంది. పాట లేదు.

తెల్లారి నుంచి మూఢం. పెళ్లిళ్ళు బంద్. మూఢం ఎప్పుడు పోతుందని పంచాంగం తెలిసిన పంతులుగారిని అడిగితే ఆపరేషన్ అయిన తర్వాతి వారమని చెప్పాడు. ఆపరేషన్ వాయిదా వేయిద్దామని నేను దవాఖానలో అడగబోతే మా సౌండమ్మాయి నా కాలర్ పట్టుకుని వెనక్కి లాగింది. "మెదడుండి మాట్లాడుతున్నవా? ఆమె గొంతుల గడ్డకు నీ ఆల్బమ్ ఏమైతది?" అంది. ఏమీ కాదు. అందుకే గదా కోపం.

తర్వాతి ఐడియా నాదే. ఎవరిదీ అని చెప్పకుండా దాటవేద్దామనుకున్నాను గానీ, రెండో మనిషి మీద నింద పడుతుంది. మా సందు మొగలో ఒక చీరల షాపు ఉంది. అక్కడి ప్లాస్టిక్ బొమ్మను ఒక పూటకు అడిగి, పట్టుచీరతోసహా భుజాన వేసుకుని మెట్లెక్కాను. మిక్సీ దుకాణం ఓనర్ బయటికి వచ్చి చూసి, "ముబారక్ భాయ్," అన్నాడు.

పెద్దమ్మ వచ్చింది. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. చీర కుచ్చిళ్ళు సర్దింది. పైట లోపలికి చెయ్యి పెట్టి తడిమింది.

"గీ పిల్లకు చేతులే లెవ్వు గదరా."

లేవు. షాపువాడు చేతులు ఊడదీసి వేరే బొమ్మకు పెట్టుకున్నాడట. పైట కింద నేను చూసుకోలేదు.

"అప్పగింతలంటె ఏందనుకున్నవ్? పిల్ల చేతులు పాలల్ల ముంచి అత్తగారి చేతుల వెట్టుడు. చేతులు లేని పిల్లను ఎట్ల అప్పజెప్తవ్? తీస్కపో, తీస్కపోయి చీర ఇచ్చేసిరా. ఆ ఫాల్ గిట్ల ఎవడు కుట్టిండో గాని, మంచిగ లేదు."

బొమ్మను మళ్ళీ భుజాన వేసుకుని దిగాను. "గింత జల్దిన తలాఖా?" అన్నాడు మిక్సీ ఓనర్.

ఆ తర్వాత వారం మా సౌండమ్మాయి నాకొక మాట చెప్పింది. ముంబైలో డబ్బింగ్ స్టూడియోలో ఉద్యోగం వచ్చిందట. నేను "కంగ్రాట్స్" అన్నాను. అనవలసిన మాట అదే గాబట్టి. తర్వాత గోడవైపు తిరిగి ఒక బొంతకు ఊడిన మేకు చాలాసేపు కొట్టాను.

పెద్దమ్మ ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు, తను వెళ్ళే రోజు మధ్యాహ్నం ఆమె పెట్టెతోసహా గదికి వచ్చింది. నాంపల్లి స్టేషన్ నుంచి బండి. అంతలోపు ఏ వైరు ఎందులో గుచ్చాలో నాకు నేర్పాలి. మైకు ఆన్‌లో పెట్టి చూపిస్తోంది. మిగిలిన ఇంకో నలుగు పాట సంగతి మాట్లాడదామని పెద్దమ్మ అప్పుడే వచ్చింది. పెట్టె చూసింది.

"ఏడికి వోతున్నవే?"

"ముంబై, పెద్దమ్మా. నౌకరి."

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"తెల్వది."

"మీ అమ్మ రాలేదా సాగనంప?"

"సెలవు దొరకలేదు. డ్యూటీకి వోయింది."

పెద్దమ్మ నావైపు తిరిగి, "పాలున్నయా?" అంది. చాయ్ కోసం తెచ్చిన ప్యాకెట్ ఉంది. స్టీలు గిన్నెలో పోయించింది. ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని పాలలో ముంచింది. తడి చేతులతో ఎవరికి అప్పజెప్పాలా అని గదంతా చూసింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. నేను వెనక్కి జరిగాను.

"నువ్వు గాదురా. నీకెవలిస్తరు పిల్లను?"

ఆ చేతుల్ని తీసుకెళ్ళి పెట్టె మీద పెట్టింది. పెట్టె పిడి పట్టించింది. పాట ఎత్తుకుంది.

పాల చేతులు పెట్టె మీదే ఉంచి, మా సౌండమ్మాయి నావైపు కళ్ళతో సైగ చేసింది. రికార్డు నొక్కాను. నాకు వచ్చిన ఒకే ఒక్క బటన్ అది.

ఆ గొంతు గురించి వర్ణించను. వర్ణించడం వస్తే లేబుల్ ఎందుకు పెడతాను? ఒక్క సంగతి చెబుతాను. పెళ్లిలో పాడినప్పుడు అందరికోసం పాడింది, ఇప్పుడు ఒక్క మనిషి కోసం పాడింది. రెండో చరణంలో ఆ అమ్మాయి పేరు పెట్టి పిలిచింది. మూడేళ్ళు నా పక్కన కూర్చుని, కరెంటు పోయినా కంప్యూటర్ చెడినా ఏడవని మనిషి, వెక్కిళ్ళు మైకులో పడతాయని పళ్ళు బిగపట్టుకుని ఏడ్చింది. మంచి సౌండ్ ఇంజనీరు.

మూడో చరణంలో కింద మిక్సీ మొదలైంది.

లేచి వెళ్ళి ఆపమంటే తలుపు తీయాలి, తీస్తే చప్పుడు రెట్టింపు. కూర్చున్నాను. మిక్సీ మోత పాట శ్రుతిలో కలిసిపోయిందని రాస్తే ఇక్కడ బాగుండేది. కలవలేదు. ఎవరో పాత జార్ తెచ్చినట్టున్నారు, బ్లేడు గీరుకుంటోంది. పెద్దమ్మ దాన్ని పట్టించుకోకుండా ఆఖరి మాట దాకా పాడి, కొంగుతో ఆ అమ్మాయి చేతులు తుడిచి, "పో," అంది.

పోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగాక, ఇంకేం చేయాలో తెలియక, "పెద్దమ్మా, మూడో చరణం ఒక్కటి మళ్ళీ..." అన్నాను.

"ఒక్క పిల్లను రెండుసార్లు సాగనంపుతరారా?"

అంతలో కిందినుంచి మా సౌండమ్మాయి అరిచింది, "అరేయ్, ఛార్జర్ మరిచిపోయిన!" మెట్లెక్కి పైకి వస్తోంది. పెద్దమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "రాకు, రాకు! ఎనుకకు రావద్దే! ఇంత పాడినంక మల్ల గడప తొక్కుతవా?" చివరికి నేను కిటికీలోంచి ఛార్జర్ విసిరాను. వైరు కరెంటు తీగకు తగులుకుని వేలాడింది. మిక్సీ ఓనర్ కర్ర తెచ్చి దింపాడు. ఇంత ఏడ్పించిన వీడ్కోలుకు ఆఖరి దృశ్యం అదీ.

ఆపరేషన్ అయింది. గడ్డ మంచిదేనట, ప్రమాదం ఏమీ లేదట. నెల తర్వాత పెద్దమ్మ మెడకు రుమాలు చుట్టుకుని వచ్చింది. మాట బాగానే వస్తోంది. కూర్చున్నాక, ఎవరూ అడక్కుండానే, "ఉట్టిల" అని ఎత్తుకుంది. మొదటి మాట వచ్చింది. పైకి పోవలసిన చోట గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ గాలే. "సరె తీ," అంది, ఎవరో ఎదురింటావిడ గురించి అన్నట్టు.

హెడ్‌ఫోన్లు పెట్టి ఆ రికార్డింగ్ వినిపించాను. కళ్ళు మూసుకుని మొత్తం వింది. తీసేసి, "మిక్సీ ఆగబట్టలేకపోయినవారా?" అంది.

"కంప్యూటర్లో తీసేయబోయిన పెద్దమ్మా. మిక్సీతో పాటు నీ గొంతు కూడా పోతున్నది. బాయిల కెల్లి పాడినట్టు అయితున్నది. గట్లనే ఉంచిన. వచ్చేవారం అన్ని యాప్‌లల్ల పెడుతున్న, మొత్తం దునియా ఇంటది."

"మొత్తం దునియా అంటె?"

"ఎవరైనా. ఎప్పుడైనా. ఫోన్ల నొక్కితే చాలు."

"పెండ్లి లేని ఇంట్లగిట్ల?"

ఇక్కడ అబద్ధం చెప్పి ఉండవచ్చు. అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ రుమాలు సర్దుకుంటోంది. "అది మన చేతుల ఉండదు పెద్దమ్మా," అన్నాను.

"గట్లైతె పెట్టకు."

వాదించాను. మంచి వాదనలే చేశాను. పాట జనానిది అన్నాను, గొంతు మిగిలింది ఇందులోనే అన్నాను, లేబుల్ నిలబడుతుందన్నాను. అన్నీ విని, "తిట్టే పాటలు పెట్టుకో," అంది. పెట్టుకున్నాను. వియ్యపురాలి పాటను మా చుట్టాలందరూ విన్నారు. అందులో కొందరు అది తమ గురించేనని మా అమ్మతో మాట్లాడటం మానేశారు. లేబుల్ సాధించిన ప్రభావం ప్రస్తుతానికి ఇదే.

లేచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి మెత్తబడింది. "ఎవలింట్లనన్న పిల్ల పోతుంటె, అడిగితె ఇయ్యి. నేను పాడలేను గద ఇగ."

అలా, పాటల్ని లోకమంతా పంచడానికి పెట్టిన లేబుల్లో నా పని ఇప్పుడు మంచిపాటను ఎవరికీ అందకుండా కాపాడటం. ఫోన్ వస్తుంది. "పెళ్లా?" అంటాను. పెళ్లి కార్డు ఫోటో పంపమంటాను. ముహూర్తం చూస్తాను. అప్పగింతల ముందు ఫైలు పంపిస్తాను. జానపద పాటల గురించి రాసే ఒకాయన, విని నాలుగు మంచి మాటలు రాస్తానన్నాడు. మీ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందా అని అడిగాను. ఆయన అపార్థం చేసుకుని ఫోన్ పెట్టేశాడు.

మొన్న గౌలిగూడ నుంచి ఒకమ్మాయి చేసింది. "అన్నా, అప్పగింతల పాట మీ దగ్గరనే దొరుకుతదంట గదా?"

"పెళ్లెప్పుడు?"

"పెళ్లి గాదన్నా. హాస్టల్‌కు పోతున్న. వరంగల్‌ల సీటొచ్చింది. నడుస్తదా?"

రూల్సులో లేదు. ఆ అమ్మాయిని లైన్లో ఉంచి పెద్దమ్మకు ఫోన్ చేశాను. అవతల కుట్టుమిషన్ ఆగింది.

"ఎవలన్న ఏడుస్తున్నరా ఆ ఇంట్ల?" అని అడిగింది కొత్త గొంతుతో.

అడిగాను.

"మా డాడీ అన్నా. బాత్రూంల నల్లా ఇడిచి ఏడుస్తున్నడు, మాకు ఇనవడదనుకుంటున్నడు."

"పంపు," అంది పెద్దమ్మ, మిషన్ మళ్ళీ తొక్కుతూ.

పంపాను. వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళింట్లో నెట్ సరిగా లేదట.