వైన్ లేని ఊళ్లో కియాంతికి కూర

కువైట్‌లో వైన్ అమ్మరు, వెంట తీసుకెళ్లినా నేరమే. అలాంటి చోటికి నేను వెళ్లింది ఒక ఇటాలియన్ రెడ్ వైన్ పక్కన ఏం వడ్డించాలో నేర్పడానికి! దుబాయ్ హోటళ్ల సిబ్బందికి వైన్ రుచులు నేర్పడం నా ఉద్యోగం. రాయచోటి ఖాదర్, నేను ఒకప్పుడు బెంగళూరులో ఒకే వంటగదిలో పనిచేశాం. ఇప్పుడతను కువైట్‌లో పిజ్జాలు చేస్తున్నాడు, భార్య నస్రీన్ దుబాయ్‌లో కుట్టుపని చేస్తోంది. దుబాయ్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్ అతనికి వీడియో కాల్‌లో పరీక్ష పెడతానంది. కియాంతి అనే ఆ ఇటాలియన్ రెడ్ వైన్‌కి జతగా ఒక వంటకం చేసి, అది ఎందుకు కుదురుతుందో చెప్పాలి. నెగ్గితే ఆలుమగలు ఒక ఇంట్లో ఉండొచ్చు. ఖాదరేమో జన్మలో చుక్క ముట్టినవాడు కాడు. "అక్కా, నువ్వొచ్చి చూపియ్యకుంటే నా పని ఖలాస్" అన్నాడు. ఇంక ఆగుతానా!

దుబాయ్ నివాసిని కాబట్టి వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చింది. విమాన ప్రయాణం రెండు గంటల లోపే. శుక్రవారం ఉదయం దిగి, ఐదు దినార్లకు టాక్సీ మాట్లాడుకుని రిగ్గైలో ఖాదర్ గదికి చేరాను. అతన్ని ఎక్కించుకుని అదే టాక్సీలో దజీజ్ బజారుకి వెళ్లి, కొవ్వున్న మటన్, కువైట్‌లోనే పండే వఫ్రా తోటల టమోటాలు కొన్నాం. డ్రైవర్ కడప మనిషి. మా మాటలు విని అద్దంలోంచి చూశాడు. "అమ్మా, ఆ వైన్ మాట ఈడ మెల్లగా అనుకోండి. నాకు పిల్లలుండారు" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను.

గదికి తిరిగొచ్చాక, ఖాదర్ జుమ్మా నమాజు నుంచి వచ్చేలోగా నా 'వైన్' సిద్ధం చేశాను. టీపొడిని చక్కెర లేకుండా బాగా మరిగించి చల్లార్చి, పుల్లని దానిమ్మ రసం కలిపాను. కియాంతి పరిమళం దీనికి ఎక్కడినుంచి వస్తుంది? కానీ నాలుకను పట్టేసే ఆ వగరు, ఆ పులుపు వచ్చాయి. కూరతో కుదిరిందీ లేనిదీ తేల్చేవి ముఖ్యంగా ఆ రెండే. ఖాదర్ మటన్ సాస్ చేశాడు. ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి, ఎగిరి గంతేశాడు.

"ఏందక్కా ఇది, నోరు భగ్గుమంటాంది!"

"ఎంత కారం వేశావు?"

"రోంతే. రెండు గరిటెలు."

రాయచోటి వాళ్ల 'రోంత' అంటే ఎంత 'కొంచెమో' నాకు తెలియనిదా! ఇలాంటి వగరు తగిలితే కారం ఇంకా రేగుతుంది. "కారం లేకుంటే అది కూరెట్లయితాది?" అని గొణుగుతూనే మళ్లీ వండాడు. ఈసారి మిరప్పొడి డబ్బా నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండో గుక్కకి అతని కళ్లు పెద్దవయ్యాయి. "టీ మెత్తబడిందక్కా!" మటన్ కొవ్వు వగరుని అణిచింది, టమోటా పులుపు వైన్ పులుపుకి సరితూగింది.

సాయంత్రం కాల్‌లో ఇదంతా ఖాదర్ తడబడకుండా చెప్పాడు. అవతలి పెద్ద వంటవాడు మెచ్చుకుని, చివర్లో అడిగాడు: "మా సాస్‌లలో వైన్ పోస్తాం. రోజూ రుచి చూడాలి. చూస్తావా?"

సరే అనమని నేను కళ్లతో సైగ చేశాను. ఖాదర్ తల దించుకున్నాడు. "లేదు సార్. తాగను, రుచి చూడను. వైన్ తగలని పని ఏదైనా ఇయ్యండి." ఆలోచించి చెబుతామని ఫోన్ పెట్టేశారు. అంతా అయిపోయిందనుకున్నాను. ఆ సైగ చేసినందుకు నామీద నాకే సిగ్గేసింది.

ఇన్నేళ్లుగా గ్లాసులో ముక్కు పెట్టి పాఠాలు చెప్పినదాన్ని, తాను ముట్టని పానీయం కోసం ఒక మనిషి ఇంత శ్రద్ధగా వండటం ఎప్పుడూ చూడలేదు. మీరూ ఇలాంటి వగరు వైన్‌కి విందు పెడుతుంటే, ముందురోజు చక్కెర లేని చిక్కటి టీ డికాషన్‌తో మీ కూర తిని చూడండి. నోరు మండితే కారం తగ్గించండి. వారం తర్వాత ఖాదర్‌కి ఆ రెస్టారెంట్‌లోనే పాస్తా పిండి కలిపే పని ఖాయమైంది. ఆ సంగతి నస్రీనే ఫోన్ చేసి చెప్పింది. తర్వాత మెల్లగా అడిగింది: "ఆయన చేసిన కూర నువ్వు తిన్న్యావు కదక్కా, ఎట్లుండాది? నేను ఆయన చేతి వంట తిని శానా ఏండ్లాయ."

"వస్తున్నాడుగా, నువ్వే తిని చెప్పు" అన్నాను.