ఆఖరి గూడు ఖాళీ అయ్యేదాకా

ఒరే మిత్రమా, బాగున్నావా? ఆలస్యానికి ఏమీ అనుకోకు. మన మాస్టారిని తలుచుకుంటూ పాత విద్యార్థులందరం చిన్న పుస్తకం వేద్దామని, నా వంతు రాసి పంపమని నువ్వు పారాదీప్ నుంచి ఫోన్ చేసి నెల దాటింది. టెక్కలిలో ఈ నెట్ సెంటర్‌కి నాలుగుసార్లు వచ్చాను. నాలుగుసార్లూ రెండు లైన్లు కొట్టి లేచిపోయాను. కూర్చోలేకపోతున్నాను. చింతపండు సీజను, పైన మబ్బు, మాస్టారి చెట్టు మీద ఇంకా ఒక గూడు. వీటన్నిటికీ తోడు నీకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది చెప్పకుండా ఆయన గురించి రాయడం నా వల్ల కావడం లేదు. ఇవాళ అదీ చెప్పేసి లేస్తాను. టైపింగు తప్పులు నువ్వే దిద్దుకో.

మాస్టారు పోయిన కబురు మాఘమాసంలో ఒక పొద్దున్న తెలిసింది. నా చింతపండు కొట్టు తలుపులు తీస్తుంటే మాస్టారి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అమ్మగారు. “బాబూ, మాస్టారు ఎల్లిపోనారు” అన్నారు. నేను తెలివితక్కువగా “ఎక్కడికండీ?” అన్నాను. రిటైరయ్యాక ఆయన ఇంటిపట్టున ఉన్న రోజులు తక్కువ. ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా పలాస ఎల్లారు, పూండి ఎల్లారు, నీ కొట్టుకాడికొస్తే భోజనం వేళకి పంపీ అనేవారు. అటువైపు ఏడుపు వినపడ్డాక గానీ నాకు తలకెక్కలేదు.

నీకు చెప్పక్కర్లేదు గానీ, పుస్తకం చదివేవాళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లూ ఉంటారు కదా. ఆయన మనకు సాంఘికశాస్త్రం చెప్పారు. క్లాసులో కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. గోడకు ప్రపంచపటం తగిలించి, సుద్దముక్క పట్టుకుని దాని ముందు అటూ ఇటూ తిరుగుతూనే చెప్పేవారు. రాజులనీ యుద్ధాలనీ గబగబా దాటేసి జంతువుల వలసల దగ్గర ఆగేవారు. పుస్తకంలో నాలుగు లైన్లుంటే ఆయన నాలుగు పీరియడ్లు చెప్పేవారు. ఉత్తర ధ్రువం పక్కన పుట్టి దక్షిణ ధ్రువం దాకా వెళ్లొచ్చే గుప్పెడంత పిట్ట. చలికాలానికి మెక్సికో అడవుల్లో దిగే సీతాకోకచిలుకలు. ఈ యేడు వచ్చినవి మళ్లీ రావట, వచ్చే యేడు వాటి మునిమనవలు దారి అడక్కుండా అదే అడవికి వస్తాయట. పటం మీద సుద్ద గీతలు పడీపడీ సముద్రాలన్నీ తెల్లబడిపోయాయి.

ఆఫ్రికా వచ్చేసరికి ఆయనకు పూనకం వచ్చేది. మన గేదెకీ గుర్రానికీ మధ్యస్తంగా ఉండే జంతువులు వేలకు వేలు నది గట్టు దాకా వచ్చి ఆగిపోతాయని చెప్పేవారు. ముందుకెళ్తే మొసళ్లు, వెనక్కెళ్తే గడ్డి లేదు. అక్కడే కాళ్లు తొక్కుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఒకరోజు ఆయన కూడా బల్ల దగ్గర కాళ్లు మార్చుకుంటూ నిలబడి, “ఇప్పుడు ముందు దూకీది ఎవుర్రా?” అని అడిగారు. నువ్వు లేచి “లీడరండీ” అన్నావు.

“లీడరూ కాదు, నీ బొందా కాదు. ఇంకాగలేనిది దూకుతాది” అన్నారు. క్లాసంతా నవ్వింది. నువ్వు కూర్చోకుండా, “మా నాన్నా అంతేనండి, ఏడాదికోసారొచ్చి మళ్లీ ఎల్లిపోతాడు” అన్నావు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, “వలసంటే ఇల్లు లేకపోడం కాదురా. రెండిళ్లుండడం” అన్నారు. ఆ మరుసటి వారమే మనందర్నీ బస్సెక్కించి ఉద్దానం తీరానికి తీసుకెళ్లారు. పొద్దుటి ఇసక మీద, ట్రాక్టరు టైరు తొక్కినట్టు, గుడ్లు పెట్టి వెళ్లిన తాబేలు జాడ చూపించారు.

ఇక మన కొంగలు. ఏటా అవి దిగే తేలినీలాపురం చెట్లు నిండిపోతే మిగిలినవి పక్కనున్న మాస్టారి ఊరి చింతల మీద దిగుతాయి. ఎర్రకాళ్ల కొంగలూ, గూడబాతులూ. వానాకాలం చివర్న వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఆ ఊళ్లో వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు. పెరడంతా రెట్టలు పడినా, కంపు కొట్టినా ఒక్క మాట అనరు. సైబీరియా చలికి ఆగలేక వస్తాయని మాస్టారు మనకు చెప్పారు. పటం మీద సైబీరియా నుంచి టెక్కలి దాకా గీత గీశారు. పరీక్షలో మనమూ అదే రాశాం.

ఆయన రిటైరైన మరుసటేడు ఒక మధ్యాహ్నం నా కొట్టుకొచ్చారు. చొక్కా చెమటకు అతుక్కుపోయి ఉంది. స్టూలు వేస్తే కూర్చోలేదు.

“ఒరే, తొమ్మిదో తరగతిలో నీకో తప్పు సెప్పీసినాను.”

“ఏటండి?”

“మన కొంగలు సైబీరియా నుండి రావట్రా. పిట్టల మీద సదువుకున్నాయనొకడు దుర్భిణి ఏసుకొని మా ఊరొచ్చాడు. ఆడు సెప్పాడు. చెరువుల్లో దిగీ బాతుల్లో అలాటియి ఉన్నాయట. ఈ కొంగలు మాత్రం మన దేశంలోనే, నీళ్లెక్కడుంటే అక్కడికి తిరుగుతాయట. నాను పుస్తకాలు తెప్పించి మరీ సూశాను. ఆడు సెప్పిందే నిజం.”

“పోనీలెండి మాస్టారూ, ఇప్పుడు దాన్తో ఏటి పని? నాను సింతపండమ్ముకుంటన్నాను గదా.”

“నువ్వు నీ పిల్లలకి సెప్తావు గదేటి! తప్పు సెప్పినోడే తిరగాలి.”

సంచీలోంచి పాత మార్కుల పుస్తకం తీసి నా పేరు పక్కన టిక్కు పెట్టి, మజ్జిగైనా తాగకుండా బస్సుకి పరుగెత్తారు. మన బ్యాచిలో ఒక్కొక్కడినీ అలా వెతికి పట్టుకున్నారు. హరిశ్చంద్రపురంలో పెళ్లి పందిట్లో ఒకడిని పక్కకి లాగి మరీ చెప్పారట. ఉత్తరం రాయొచ్చు కదండీ అంటే, “పాఠం ఉత్తరంలో సెప్పానేటి?” అనేవారు.

అదే యేడు నేను చేసిన పని కూడా చెప్పాలి. మాస్టారి పెరట్లో చింతచెట్టు కాపు ఏటా నేనే కొనుక్కునేవాణ్ని. ఆయన పెట్టింది ఒకటే షరతు. ఆఖరి గూడు ఖాళీ అయ్యేదాకా చెట్టెక్కకూడదు. పండు ముదిరి, పెంకు పగిలి, నల్లబడుతున్నా సరే. ఆ యేడు మిగతా చెట్లన్నీ దులిపేశాం. మబ్బు పట్టింది. వాన పడితే పండు బూజు పడుతుంది. రోడ్డు మీంచి చూస్తే గూళ్లన్నీ ఖాళీగానే కనిపించాయి. మాస్టారు ఎవరికో టిక్కు పెట్టడానికి ఇచ్ఛాపురం వెళ్లారు. చెట్టెక్కే మావని తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాను.

మావ సగం ఎక్కి ఆగాడు. “సావుకారూ, ఆ కొస కొమ్మ మీద పిల్లొకటుందే!”

“అటు పోకు మావా. ఇటు కొమ్మలు దులుపు, సాలు.”

“సెట్టొకటే గదేటి?” అన్నాడు. అయినా దులిపాడు. చెట్టు ఒకటే. నాలుగో కొమ్మకే అటు కొసన ఉన్న పిల్ల బెదిరి, రెక్కలు విప్పబోయి, కొమ్మలకు కొట్టుకుంటూ వచ్చి గడ్డివాము పక్కన పడింది. పెద్దవాటి గులాబీ రంగు పిల్లలకుండదు. బూడిద రంగులో, ఒక రెక్క ఈడ్చుకుంటూ, భయానికి తిన్న చేపలన్నీ నా కాళ్ల మీద కక్కేసింది. పైన తల్లీతండ్రీ చుట్లు తిరుగుతున్నాయి.

సాయంత్రం మాస్టారు వచ్చి చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కండువాతో పిల్లను పొదివి పట్టుకుని, “రోజుకి అర కేజీ సేపలు కావాల. సన్నవి. ఎవుడు తెత్తాడు?” అన్నారు.

“నాను తెత్తానండి.”

తెచ్చాను. రోజూ టెక్కలి మార్కెట్లో చేపలు కొని, మోపెడ్‌కి తగిలించుకుని వెళ్లడం, రావడం. కొట్టంతా నీచు వాసన. “ఏటి సావుకారూ, పులుసుకి సేపలూ సింతపండూ ఒక్క కొట్లోనే అమ్మేత్తన్నావేటి?” అని ఒకావిడ ఎత్తిపొడిచింది. ఆ పిల్ల మాస్టారి వెనకే పెరడంతా నడిచేది. ఆయన ఆగితే ఆగేది. ఆయన ఎక్కడాగుతారు గనక!

రెక్క కుదుటపడుతుంటే ఆయనకు కంగారు ఎక్కువైంది. చెట్ల మీద కొంగలు రోజురోజుకీ పలచబడుతున్నాయి. “అన్నీ ఎల్లిపోతే దీనికి దారి సూపీదెవుడు? ఒక్కతీ ఎటెల్తాది?” అంటూ వీధిలోకీ పెరట్లోకీ తిరిగేవారు. “కాసేపు కూకోండి. మీకూ రెక్కలు మొలిసేత్తాయి” అని అమ్మగారు విసుక్కునేవారు. చివరికి ఒక పొద్దున్న ఆటో పిలిచారు. నా ఒళ్లో కొంగ, దాని ముక్కుకు తువ్వాలు, మా ఇద్దరినీ పట్టుకుని ఆయన. ఆటోవాడు అద్దంలో చూసి, “ఏ ఆసుపత్రికండి?” అన్నాడు.

తేలినీలాపురం దాటాక ఎండిపోతున్న మడుగులో ఆఖరి గుంపు మేస్తోంది. పదో పన్నెండో ఉంటాయి. అక్కడ వదిలాం. మూడు రోజులు పొద్దున్నుంచీ ఆ గట్టు మీదే ఉన్నాం. నా కొట్టు నా తమ్ముడు చూశాడు. నాలుగో రోజు ఎండ ముదిరి గాలి పైకి లేచే వేళ గుంపు లేచింది. రెక్క కదపకుండా చుట్లు తిరుగుతూ ఎత్తుకి, ఇంకా ఎత్తుకి. మన పిల్ల పరుగెత్తింది, లేచింది, పడింది. మళ్లీ పరుగెత్తింది. ఈసారి పడలేదు. కాసేపటికి పైనున్నవన్నీ నువ్వుగింజలంత అయిపోయాయి.

“ఆ ఎనకదేనా మనది?” అని అడిగారు.

“అదేనండి” అన్నాను.

“నీకు తెలీదు. నాకూ తెలీదు. తెలీందాన్ని తెలీదనే సెప్పాల్రా” అన్నారు. కళ్లు తుడుచుకుని, ఇంటిదాకా ఎండలో నడుస్తూ వచ్చారు.

ఇప్పుడు నీ మాట. మార్కుల పుస్తకంలో అందరికీ టిక్కులు పడ్డాయి, నీకు తప్ప. నువ్వు పదో తరగతి కాగానే పారాదీప్ వెళ్లిపోయావు. ఆయన రెండుసార్లు పలాస స్టేషన్ దాకా వెళ్లి, మోకాళ్ల నొప్పికి రైలెక్కలేక వెనక్కి వచ్చారు. నీతో నేను ఫోన్లో మాట్లాడుతుంటానని ఆయనకు తెలుసు. “ఈ ఒక్కడికీ నువ్వే సెప్పు. ఎల్లి సెప్పు” అన్నారు. మొన్న కార్తీకంలో మంచం పట్టాక చూడ్డానికి వెళ్తే మొదటి ప్రశ్న అదే.

“ఆడికి సెప్పీసినావా?”

నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశాను! జీడిపప్పు గురించి మాట్లాడాం, నీ చిట్టీ గొడవ మాట్లాడాం, ఇది మాత్రం గుర్తు రాలేదు. ఆయన మొహం చూసి “సెప్పానండి” అనేశాను.

“ఏటన్నాడు?”

“నవ్వాడండి.”

ఆయనా నవ్వారు. తలగడ కిందనుంచి పుస్తకం తీయించి, నీ పేరు పక్కన టిక్కు పెట్టారు. ఆయన పెట్టిన టిక్కుల్లో అబద్ధం టిక్కు అదొక్కటే. అది నాది.

కాబట్టి ఆయన తరఫున చెప్తున్నాను. మన కొంగలు సైబీరియా నుంచి రావు. ఇదీ ఉత్తరంలో చెప్పినట్టే అవుతుందని తెలుసు. ఆయన ఎవరికీ ఇలా చెప్పలేదు. అందుకే నేనే రైలెక్కి వస్తాను. నీ ఎదురుగా నిలబడి చెప్తాను. నవ్వుతావో తిడతావో నీ ఇష్టం.

ఇవాళే బయల్దేరేవాణ్ని. కానీ అమ్మగారు ఈ యేడు కూడా కాపు నాకే ఇచ్చారు. షరతు చెప్పలేదు, చెప్పక్కర్లేదు. మబ్బు నిన్నటికంటే కిందకి దిగింది. మావ పొద్దున్నే తాడు భుజాన వేసుకుని వచ్చి, “సూద్దామా?” అంటాడు. ఇద్దరం వెళ్లి తలెత్తి చూస్తాం. కొస కొమ్మ మీద పిల్ల ఒకటే మిగిలింది. గూటి అంచు మీద నిలబడి, గాలికి ఎదురుగా రెక్కలు కొట్టుకుని మూరెడు పైకి లేస్తుంది, మళ్లీ గూట్లోనే దిగుతుంది. మళ్లీ లేస్తుంది. మేం ఊపిరి బిగబట్టి చూస్తుంటే మళ్లీ దిగుతుంది.

అది వెళ్లిన మర్నాడు చెట్టు దులిపి, ఆ రాత్రి బండికే ఎక్కుతాను. నీకు సెలవెప్పుడు? ఎప్పుడు కలుద్దాం?