తోడు వచ్చినవారి సంతకం

మొన్న రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కన ఒక పళ్ల డాక్టరమ్మ నా దవడ పన్ను పీకి, నొప్పికని చీటీ రాసిచ్చింది. అందులో రెండో మందు పేరు చూడగానే, నేను ఏళ్లుగా తప్పించుకు తిరుగుతున్న మనిషి ఎదురుపడ్డట్టయింది. చీటీ వెనక్కి జరిపి, "ఇది వద్దమ్మా. ఒకప్పుడు దీనికి బానిసనయ్యాను" అన్నాను. ఆమె నా తెల్లజుట్టు వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా ఆ పేరు కొట్టేసింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను ఒక దినపత్రికలో రిపోర్టర్ని. లాఠీచార్జి వార్తకు వెళ్లి, ఒక్క లాఠీ కూడా తగలకుండానే, జనంతోపాటు పరిగెత్తి డివైడర్ మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్న ఘనత నాది. డాక్టరు పది రోజులకు రాసిన బిళ్లలు ఏడాది పైగా మింగాను. అవి నల్లమందు జాతివని తెలియక కాదు. మొదట్లో నొప్పి కోసం వేసుకునేవాణ్ణి, తర్వాత నొప్పి లేకపోయినా అవి లేకుండా ఉండలేకపోయాను. చీటీ అడక్కుండా ఇచ్చేది మా పెద్ద తోడల్లుడు. కోస్తా నుంచి మాకంటే ముందే వచ్చి ఇక్కడ మందుల దుకాణం పెట్టాడు. "మనవాళ్లం, మనకు చీటీలేంటయ్యా" అనేవాడు. మనవాళ్లెవరు, పరాయివాళ్లెవరు అని ఊరంతా తేల్చుకుంటున్న ఆ రోజుల్లో ఆ మాట నాకు వెచ్చగానే ఉండేది.

నా సంగతి కనిపెట్టింది మాత్రం మా ఆఫీసు కారు డ్రైవరు, పాలమూరు మనిషి. ఒకరోజు బిళ్లలు అయిపోయి, కారులో ఆవులిస్తూ, ముక్కు తుడుచుకుంటూ, నడి ఎండాకాలంలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని కూర్చున్నాను. అతను అద్దంలోంచి చూసి, "సార్, ఇది జలుబు గాదు. మా నాయినకు మందు కలిపిన కల్లు అలవాటుండె. దుకాణం బంద్ వెట్టిన నాడు ఇంచుమించు గిట్లనే జేసిండు. మీరేం తింటున్నరో నాకెందుకు గని, జర దవాఖానకు పోదాం" అన్నాడు.

ఒక్కసారిగా మానొద్దని, మోతాదు వారం వారం తగ్గిస్తానని, ప్రతిసారీ తోడు ఒకరు వచ్చి పుస్తకంలో సంతకం పెడితేనే మందిస్తానని సర్కారు దవాఖాన డాక్టరు చెప్పాడు. మా ఆవిడ స్కూలు టీచరు, ఆమెకు సెలవు దొరికేది కాదు. డ్రైవరే పెట్టేవాడు సంతకం, ఒక్కో అక్షరం రాతి మీద చెక్కుతున్నట్టు. మొదటిసారి 'వరుస' అన్న గడి దగ్గర ఆగి, "ఏం రాయాలె సార్, తమ్ముడనా, డ్రైవరనా?" అని నవ్వి, నా జవాబు కోసం చూడకుండా తమ్ముడని రాశాడు. మా ఆవిడ తన బావగారికి అంతా చెప్పి, ఇక బిళ్లలివ్వనని ఒట్టు వేయించుకుంది. ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి మరీ వేశాడు. ఆరు వారాలకు నాకు ఆకలి తెలిసింది. మా ఆవిడ నా చొక్కా జేబులు వెతకడం మానేసింది.

అంతలో బంద్ వచ్చింది. హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య రోడ్లన్నీ ఖాళీ. కారు మీద ప్రెస్ అని ఉండడంతో మమ్మల్ని ఎవరూ ఆపలేదు. మందుల దుకాణాలకు బంద్ నుంచి మినహాయింపు. "మా తోడల్లుణ్ని పలకరించి వస్తా" అని దిగాను. డ్రైవరు నమ్మాడు. సగం దించిన షట్టరు కింద వంగి లోపలికి వెళ్లాను. తోడల్లుడు నా మొహం చూసి డ్రాయరు లాగాడు. ఈయన వద్దంటాడని, మెడపట్టి గెంటుతాడని నేను లోపలెక్కడో ఆశ పెట్టుకున్నట్టు ఆ డ్రాయరు చప్పుడు విన్నాకే నాకు తెలిసింది.

రెండు రోజుల తర్వాత బిళ్లల ఖాళీ అట్ట మా ఆవిడకు ఉతికే చొక్కాలో దొరికింది. బావగారిని పిలిపించి అడిగింది. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే, "నేనెందుకిస్తానమ్మా? ఆ డ్రైవర్ని అడుగు. వాళ్లకి దొరకనిదంటూ ఉంటుందా?" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను. రోజూ నలుగురి తప్పులు అచ్చువేసే నాకు ఆ పూట నోరు పెగల్లేదు. ఆమె అప్పుడే ఆఫీసుకు ఫోన్ చేసి, డ్రైవరు మీద ఫిర్యాదు చేసి మాన్పించింది.

అతన్ని మాన్పించిన మూడు రోజులకు దవాఖానకు ఒంటరిగా వెళ్లాను. బెంచీ మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు.

"సంతకం లేకుంటే మందియ్యరు గద సార్."

"నీ మీద ఏమన్నారో తెలుసా?"

"ఎందుకు తెల్వదు. మా ఇంట్ల ఆమె అడుగుతున్నది, డ్యూటీకి ఎందుకు పోతలేవని. ఏం జెప్పాలె?"

అతని ముందే మా ఆవిడకు ఫోన్ చేసి షట్టరు, డ్రాయరు, క్యాలెండరు, అన్నీ చెప్పాను. ఆమె "అతనికివ్వండి ఫోను" అంది. అవతల ఏమందో నాకు వినబడలేదు. అతను "అట్ల అయితుంటది లేమ్మా" అని ఫోను తిరిగిచ్చి, సంతకం పెట్టాడు. 'వరుస' గడిలో ఈసారి డ్రైవరు అని రాశాడు.

"మొదటి దినమే జెప్తరనుకున్న సార్" అన్నాడు.

అతని డ్యూటీ మళ్లీ ఇప్పించాం. బిళ్లలు పూర్తిగా మానడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ అతను ఒక్క వారం తప్పకుండా వచ్చాడు, ప్రతి వారం డ్రైవరనే రాశాడు. మా తోడల్లుడు ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే "నడుమెలా ఉందయ్యా" అని ఆప్యాయంగా అడుగుతాడు. డాక్టరమ్మకు నిజం చెప్పడానికి నాకు నిమిషం పట్టలేదు. ఆ మూడు రోజులు మాత్రం, ఇన్నేళ్లు గడిచినా, ఒక్క గంట కూడా తగ్గకుండా మూడు రోజులుగానే ఉన్నాయి.