వెనక పెట్టెల్లోని పిల్లలు

నా యారాలి మీద, అంటే మా మరిది భార్య మీద, నాకున్న కుళ్లంతా కోళ్ల దగ్గరే మొదలైంది. మోతె దగ్గర మా రెండు షెడ్లూ పక్కపక్కనే. పెంచి ఇమ్మని కోళ్ల కంపెనీవాళ్లు ఇద్దరికీ ఒకే వ్యానులో కోడిపిల్లల్ని తెచ్చి దించుతారు. ఆమెవి మూడో వారానికి బలిసి ఊగుతూ నడుస్తాయి. నావేమో మందు మీద మందు తాగినా రెక్కలు వేలాడేసుకుని మూలకు చేరతాయి. పోయినసారి సగం పోయాయి. ఈసారీ ఇలాగే అయితే ఇక పిల్లల్ని ఇచ్చేది లేదని సూపర్‌వైజర్ ముఖం మీదే చెప్పాడు.

ఆమెది కోదాడ. ఎవరితోనైనా తియ్యగా, సాగదీసి మాట్లాడుతుంది. ఆ మాటలకు పడిపోయే డ్రైవర్ మంచి పెట్టెలన్నీ ఆమెకే దించుతున్నాడని నా అనుమానం.

అందుకే ఈసారి వ్యాను నేనే ఎక్కాను. మూతలు తీసి చూసి, చురుగ్గా అరుస్తున్న పిల్లల పెట్టెలన్నీ నా వైపు దించుకున్నాను. వెనకాల వేడికి సొమ్మసిల్లి మెడలు వాల్చినవి ఆమెకు మిగిలాయి. ఆ రోజు ఎంత హాయిగా అన్నం తిన్నానో!

మా అత్త నేర్పిన పద్ధతిలో మొదటి రోజంతా బెల్లం నీళ్లే పెట్టాను. “కడుపుల గుడ్డు సొన ఉంటదే. రేపటిదాక దాణా ఎయ్యకు, అరగదు” అనేది ఆమె. అత్త మాట నేనెప్పుడూ దాటలేదు.

మర్నాడు పొద్దున నావి బల్బుల కింద ముడుచుకుని కూర్చున్నాయి. పక్క షెడ్డులో మాత్రం కిచకిచలే కిచకిచలు. ఉండబట్టలేక, సున్నం కావాలనే వంకతో వెళ్లాను. నేలంతా పాత పేపర్లు, వాటి మీద దాణా. నిన్న మెడలు వాల్చిన ఆ పిల్లలే టపటపా పొడుచుకు తింటున్నాయి.

“దించంగనే ఏసినవా దాణా?” అన్నాను.

“అవునక్కా. రాత్రికల్లా అన్నిటికీ మేతసంచి నిండిపోయింది, పట్టి చూడు.” ఒకదాన్ని నా చేతిలో పెట్టింది. మెడ కింద మేతసంచి నానిన శనగగింజలా తగిలింది. “మేత లేకపోతే ఆ సొననే ఆకలికి వాడేసుకుంటాయంట. రోగాలు రాకుండా తల్లి ఇచ్చిన బలం అందులోనే ఉంటుందని పశువుల డాక్టరు చెప్పారు. ఈసారి నాకన్నీ నీరసం పెట్టెలే వచ్చాయి కదా, అందుకే ఇంకా తొందరపడ్డాను.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. పెట్టెలు ఏరుకున్నది నేనేనని ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు.

పరుగున వచ్చి నావాటిని పట్టి చూశాను. ఏది పట్టినా ఖాళీ. అప్పటికప్పుడు దాణా చల్లాను గానీ అవి తేరుకోలేదు. రెండో వారంలో రోగం తగిలింది. సూపర్‌వైజర్ అన్నంత పనీ చేశాడు.

ఇప్పుడు మా షెడ్డు ఖాళీ. పిల్లలు దిగే రోజు యారాలు నన్నే సాయానికి పిలుస్తుంది. పేపర్లు పరిచేదీ, సాయంత్రం మేతసంచులు పట్టి చూసేదీ నేనే. ఒక్కటైనా ఖాళీగా దొరకకపోతుందా అని ఇప్పటికీ నా వేళ్లు వెతుకుతాయి. ఇంతవరకు దొరకలేదు.