ఈల ఊదేవాడు లేని సాయంత్రం

బతుకుదెరువుకు రాష్ట్రం దాటి వలసొచ్చిన గోడాదరాలో మగ్గం పని మానేశాక బుచ్చిరాములు తాతకు లోకాన్ని ఈసడించుకోవడమే పని. అన్నిటికన్నా అసహ్యం మనవరాలు సంతోషి వెళ్లే ఆటల క్లాసు. సందులో ఆడితే పిల్ల ఒళ్లు పాడవుతుందని కోడలు విజయరాణి అందులో చేర్పించింది. డాబా మీద రబ్బరు పట్టాలు, పట్టాల మీద వరుసగా పిల్లలు. సారు ఈల ఊదితే గెంతాలి, మళ్లీ ఊదితే ఆగాలి.

"గిది ఆటనా, మిల్లుల షిఫ్టు మార్చుడా?" అన్నాడు తాత, సారు ముందే. తెలుగు రాని సారు నవ్వి నమస్తే పెట్టాడు. తాతకు ఆ నమస్తే కూడా నచ్చలేదు.

ఒకరోజు సారు పెళ్లికని ఊరెళ్లాడు. పిల్లను సందులోకి తీసుకుపోతానన్నాడు తాత.

"మోకాలు దోక్కపోయిందో, మళ్ల సందు మొఖం చూడనియ్య మామా" అంది విజయరాణి.

సందు చివర పిల్లలు నూలు చుట్టే అట్ట కోన్లు పేర్చి, గుడ్డపీలికల బంతితో ఏడు పెంకులాట ఆడుతున్నారు. సంతోషి వాళ్ల మధ్య కాళ్లు దగ్గరపెట్టి నిలబడింది. బంతి వీపుకు తగిలినా కదలలేదు.

"తాతా, స్టార్ట్ ఎవరు చెప్తరు?"

"ఎవ్వరు చెప్పరు. ఉరుకు."

"ఎటు?"

"బంతి రానిదిక్కు."

ఆ మాట అన్నాక, తానూ ఇంకో సారునయ్యానని తాతకు తన మీదే రోత పుట్టింది. కిళ్లీలమ్మే పాన్ గల్లా దగ్గరికి పోయి, వీపు తిప్పి కూర్చున్నాడు.

"తాతా, జమున తొండి చేస్తుంది."

తాతకు వినబడలేదు. మగ్గాల చప్పుడుకు చెవులు పోయాయని చెప్పుకుంటాడు గానీ, పక్కింట్లో పకోడీలు వేగితే మాత్రం వినబడుతుంది.

"తాతా, దావ్ నాది, బంతి ఇస్తలేదు."

తాత వీపు కదలలేదు. కాసేపు ఏడుపు. తర్వాత ఏడుపు ఆగి కొట్లాట మొదలైంది. అందులో పెద్ద గొంతు మనవరాలిదే. ఉండబట్టలేక తిరిగి చూశాడు. సంతోషి బంతి గుంజుకుని పరుగెడుతోంది. మోకాలి నుంచి రక్తం కారుతున్నా చూసుకోవడం లేదు.

"ఇగ పోదాం పా బిడ్డా."

"ఆగు తాతా, నేను గెలుస్తున్న."

"గెలిచే మొఖమేనా గిది" అని మూతి విరిచి, చీకటి పడేదాకా కూర్చున్నాడు.

ఇంటికి రాగానే విజయరాణి కళ్లు మోకాలి మీదే పడ్డాయి.

"మెట్ల కాడ నా కాలు తట్టుకుని పడ్డది" అన్నాడు తాత.

"గింత వయసొచ్చింది, జర చూసి నడవరాదా మామా?"

తాత తల వంచుకున్నాడు. సంతోషి ముఖంలో నవ్వు జాడైనా లేకుండా అంది: "రేపు నేను తాత చెయ్యి పట్టుకుని మెట్లు దించుత తియ్యే అమ్మా."