ఆమె ఒక్కతే కొట్టిన చప్పట్లు

ఈ మధ్య మా మదీనాగూడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన, ఈ కాలంవాళ్లకు శాస్త్రీయ సంగీతమంటే గౌరవం లేదనీ, పిలిచినా కచేరీలకు రారనీ వాపోతూ పొడుగాటి సందేశం పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. రానివాళ్ల సంగతి సరే, వచ్చినవాళ్లను మనం ఏం చేశామో ఒక్కరూ రాయలేదు.

మాదాపూర్‌లో ఆఫీసులు కొత్తగా లేస్తున్న రోజుల్లో నేనూ అక్కడే ఉద్యోగం చేసేదాన్ని. కాకినాడలో చిన్నప్పటినుంచీ అమ్మ దగ్గర సంగీతం నేర్చుకున్నదాన్ని కావడంతో, సాయంత్రం ఆఫీసు కేబ్ ఎక్కగానే డ్రైవరును బతిమాలి నా క్యాసెట్ పెట్టించేదాన్ని. తక్కినవాళ్లు గొణుక్కుంటూ కళ్లు మూసుకునేవారు. చందానగర్‌లో దిగే స్నేహితురాలు, కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చిన పిల్ల, ఒక్కతే కిటికీ అద్దం మూసి మరీ వినేది. ఆమెకు అంతవరకూ తెలిసినవి బతుకమ్మ పాటలూ సినిమా పాటలే. రాగం పేరు చెప్పబోతే వద్దనేది. "నిన్న పెట్టినవ్ చూడు, వింటుంటే గుండె బరువైతది, గదే మళ్ల పెట్టు" అనేది. తోడి రాగం అడుగుతోందని నాకు అర్థమయ్యేది. ఏళ్ల తరబడి వల్లెవేసి నేను పట్టించుకోవడం మానేసిన మలుపుల దగ్గర ఆమె మాట ఆపేసి వింటుంటే, నాకూ అవి కొత్తగా వినిపించేవి.

ఆ సంబరంలోనే ఒక ఆదివారం ఆమెను కచేరీకి తీసుకెళ్లాను. పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చింది. గాయని తోడి ఎత్తుకోగానే నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఒకే పంక్తిని రకరకాలుగా మలుపులు తిప్పుతూ పొడుగాటి సంగతి పాడి గాయని ఊపిరి తీసుకోవడానికి ఆగితే, పాపం ఉండబట్టలేక పాట మధ్యలోనే చప్పట్లు కొట్టేసింది. అంత హాల్లోనూ ఆమె ఒక్కతే. మా ముందు వరుసలో తొడ మీద తాళం వేసుకుంటున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, తెలియనివాళ్లు ఇలాంటి చోటికి రాకుండా సినిమాకి పోవచ్చు కదా అని అందరికీ వినబడేలా అన్నాడు. చుట్టూ నలుగురు నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను. "ఆవిడ వినడానికి వచ్చిందండీ, మీకు పాఠం అప్పజెప్పడానికి కాదు" అన్నాను. నన్ను కూర్చోమని సైగలు చేశారే తప్ప, ఆయన్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. స్నేహితురాలే నా కొంగు పట్టి లాగింది. పాట సగంలో ఉండగానే బయటికి వచ్చేశాం.

ఆటోలో ఆమె మెల్లగా, "పాట మంచిగనే ఉండె. వాళ్లదంట గద, నాకు ఎర్కలేదు" అంది.

మళ్లీ ఎన్నిసార్లు పిలిచినా కచేరీకి రాలేదు. కేబ్‌లో నేను పెడితే వినేది గాని, ఫలానాది పెట్టమని అడగడం మానేసింది. కొన్నాళ్లకు వేరే ఉద్యోగం దొరికి పూణే వెళ్లిపోయింది. ఆ పెద్దమనిషి మీద నా కోపం మాత్రం ఇన్నేళ్లయినా చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

ఇప్పుడు మెట్రో ఎక్కితే పిల్లలంతా చెవుల్లో ఎవరి పాట వాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. అందులో ఎవరైనా తోడి వింటున్నారేమో, మనకేం తెలుసు? ఎక్కడ తల ఊపినా తప్పుపట్టేవాడు లేడు, అంతవరకూ నయమే. కాని పాటలో ఒక మంచి సంగతి చెవిన పడగానే పక్కవాళ్ల ముఖంలోకి చూడాలనిపించే ఆ వినడం ఎటు పోయిందో అని దిగులేస్తుంది.