సుబేదారు రాయని జవాబు

మొన్న మంగళారం పొద్దుగాల చర్చి ఊడ్చేటామె మా సెంటర్ ముంగట నిలవడి, "అక్కా, టీచరమ్మ ఇగ లేదు" అన్నది. సగం లేపిన షట్టర్ అట్లనే వట్టుకొని, "ఎప్పుడు?" అన్న. "చాయ్ ఇద్దామని పక్కింటోళ్లు పోయిండ్రంట. ఎంత పిలిచినా లేస్తలేదంట." లోపలికి పోయి కుర్చీల కూసున్న. ఏడుపు రాలే, భయమైంది. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి రెండేండ్ల సంది నా దగ్గర్నే ఉండిపోయింది. ఇగ అది ఎవలకు చెప్పాలె?

చదివేటోళ్లకు ముందే చెప్తున్న, ఇది ఆమెను పొగుడుడు కాదు. పొగిడితే ఆమెకు కోపమొస్తుండె.

మిషన్ బడిల ముప్పై ఏండ్లు తెలుగు చెప్పింది. పొడుగ్గ, సన్నగ, ఎప్పటికీ తెల్ల చీరె, చేతిల ఎర్ర పెన్ను. ఏడో తరగతిల జాతర మీద వ్యాసం రాయుమన్నది. ఆ యాడాది నాకు జరమొచ్చి జాతరకు పోనే లేదు. అయినా రంగులరాట్నం, మిఠాయి దుకాణాలు, జనం, అన్నీ ఏసి రెండు పేజీలు నింపిన. నన్ను ముంగటికి పిలిచి, "ఏందే, గింత పెద్ద జాతర్ల నీ కాలు ఒక్కలన్న తొక్కలేదా? నువ్వు పోలే" అన్నది. క్లాసంత నవ్విండ్రు. మార్కు ఏయలే. కాగితం కింద, "చూసింది రాయి. చూడకుంటె చూడలేదని రాయి" అని రాసిచ్చింది. ఇంటికి పోయి మస్తు ఏడ్సిన.

మా ఆయనకు ఫ్యాక్టరీల పని పోయినంక బోధన్ బస్టాండు ఎనక మూడు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ సెంటర్ తెరిసినం. పరీక్షల రిజల్ట్స్ వచ్చిననాడు కాలు పెట్ట సందుండకపోతుండె. తతిమ్మ దినాలు నేను, ఈగలు. పొద్దు పోక ఇంటర్నెట్ల తెలుగు కథలు చదివేటోళ్ల గుంపు ఒకదాంట్ల చేరిన. నెలకొక కథ. ఒకాయన పేజీలు స్కాన్ చేసి పెడుతుండె, చదివి ఎవలకు తోచింది వాళ్లు రాస్తుండ్రి. హైదరాబాదోళ్లు, పూనా వోళ్లు, దుబాయి వోళ్లు, ఎక్కడెక్కడోళ్లో. అప్పటికి కంప్యూటర్లల్ల తెలుగు అక్షరాలు సక్కగ రాకపోతుండె. ఇంగ్లీషు అక్షరాలల్లనే తెలుగు రాసుకునేటోళ్లం.

పింఛన్ కాయిదం జిరాక్స్ కోసం టీచరమ్మ వచ్చిననాడు నేను గట్టిగ చదువుకుంట కూసున్న. నాకది చిన్నప్పటి అలవాటు. ఆమె గుమ్మంల నిలవడి ఇని, "ఊపిరి తీసుకోవే, బస్సేం పోతలేదు" అన్నది. తెర మీదికి ఒంగి చూసి, "అయ్యో, తెలుగుకు ఇదేం అవతారమే!" అని నవ్వింది. గా దినం సంది రోజూ పగటీలి రెండు కొట్టంగనే వస్తుండె. కండ్లల్ల పొర. నిజామాబాద్ల ఒక కన్ను ఆపరేషన్ చేయించుకున్నది గని తెర చూస్తే నీళ్లు కారేటియి. అందుకని నేను చదువుడు, ఆమె ఇనుడు, ఆమె చెప్పుడు, నేను టైపు కొట్టుడు. మాట తప్పు పలికితే చెయ్యి లేపేది. మళ్ల మొదటి సంది చదవాలె.

ఓ నెల పాత యుద్ధం కథ ఒకటి పెట్టిండ్రు. ఏదో సలి దేశం కథ, ఎన్నడో ఎవలో తెలుగులకు మార్చింది. రెండు ఫౌజుల నడుమ చేన్ల ఒక ఆవు. పెంచినోళ్లు ఊరిడిసి ఉరికిండ్రు. పొదుగు నిండి, పిండేటోళ్లు లేక అరుస్తుంటది. రెండు దినాలు ఆ అరుపు ఇని, ఒక సిపాయి కాపలా ఇడిసి, తుపాకి కింద పెట్టి, పోయి పాలు పిండుతడు. పాలు మంచు మీద పోతనే ఉంటయి. అటోళ్లు కాల్చరు, ఇటోళ్లు కాల్చరు. ఆఖర్ల ఒక్కటే తుపాకి దెబ్బ ఇనవడ్తది. ఏ దిక్కు సంది వచ్చిందో రాసినాయన రాయలే.

గుంపుల మిల్ట్రీల పని చేసి దిగినాయన ఒకాయన ఉండె. అందరు సుబేదారు గారనేటోళ్లు. ఆయన మాట ఎప్పటికీ కట్టె ఇరిచినట్టే. "కాపలా వదిలిన సైనికుడికి ఆవు కారణం కాదు, సాకు. వాడు పారిపోయాడు. సొంత అధికారే కాల్చి ఉంటాడు, న్యాయమే" అని రాసిండు.

టీచరమ్మ చెయ్యి లేపింది. "రాయి. సుబేదారు గారికి నమస్కారం. మీరెప్పుడన్న పాలు పిండిండ్రా? పొదుగు సలిపితే గొడ్డు ఎట్ల అరుస్తదో ఇన్నరా? ఇన్నోడు కూసోలేడు. పారిపోయేటోడు ఎనకకు ఉరుకుతడు. ఈ పిలగాడు ముంగటికి నడిచిండు, దుష్మన్ తుపాకుల దిక్కు. గిది పారిపోవుడెట్లయితది?"

ఇరవై దినాలు గుంపు గుంపంత గదే లొల్లి. సగం మంది ఇటు, సగం మంది అటు. సుబేదారు ఒక్క అడుగు ఎనకకు పోలే, ఈమె పోలే. బుగ్గలు ఎర్రగయి, "ఇంకేమన్నడు? చదువు, చదువు" అంటుంటె, నాకు ఆమె మళ్ల బడిల ఉన్నట్టే అనిపిచ్చింది. ఎంత మొద్దుదాన్ని! అది కథ మీద కోపమే అనుకున్న.

టీచరమ్మకు ఒక్కడే కొడుకు. అప్పటికి పదిహేనేండ్ల కింద మిల్ట్రీల చేరిండు. రెండో యాడాదే కాయిదం వచ్చింది, చెప్పకుంట డ్యూటీ ఇడిసి పోయిండని. ఎనకనే పోలీసులొచ్చి ఇల్లంత ఎతికిండ్రు, బియ్యం డబ్బ సుత ఇడువలే. "పారిపోయిండంట" అని బోధనంత అన్నది. చర్చిల ఆమె కూసున్న బల్ల మీద ఆడోళ్లు కూసోకపోతుండ్రి. పెనిమిటి అప్పటికే కాలం చేసిండు. ఆమె ఎవల ముంగట నోరు ఇప్పలే, పిలగాడు మళ్ల రాలే.

ఒకనాడు చదువుడు అయిపోయినంక ఆమె లేవలే. "మావోడు కోటగిరిల మా అన్నగారింట్ల బర్రెలు పిండేటోడు. దూడకు ఇడువకుంట పిండితే అన్నతోని కొట్లాడేటోడు" అన్నది. "బిడ్డా, సుబేదారుకు ఒక్కనికే రాయి. వాడు ఉన్నడా చచ్చిండా అని కాదు. ఎందుకు పోయిండు? చూసినోళ్లు ఎవలన్న ఉన్నరా? గది అడుగు." సంచిల నుంచి పాత ఉత్తరం తీసి వాని నంబరు, పల్టను పేరు చెప్పింది. నేను కొట్టిన.

నాలుగు నెలలు. రోజూ గుమ్మంల కాలు పెట్టంగనే, "వచ్చిందా?" "రాలేదమ్మా."

జవాబు వచ్చిననాడు ఆమె కన్న ముందే నేను చదివిన. "అమ్మా, వాకబు చేశాను. ఆ రోజుల్లో ఆ యూనిట్లో ఉన్న ఐదుగురిని అడిగాను. మీ అబ్బాయి ఎవరికీ గుర్తు లేడు. కాగితాల్లో మీకు తెలిసిన మాటే ఉంది. క్షమించండి." అంతే. మంచోడనలే, పిరికోడనలే. వాడసలు ఉన్నట్టే ఎవలకు యాది లేదు.

నాకు చేతకాలే. కన్నతల్లికి గా మాట ఏ నోటితోని చదవాలె? రెండు కొట్టింది, ఆమె వచ్చింది. తెర దిక్కు చూసుకుంటనే నోటికొచ్చింది చదివిన. మంచుల కూరుకపోయిన సోపతిగాడు కేకేసిండని, ఆర్డర్ లేకున్నా మీ కొడుకు ఉరికి పోయిండని, ఇద్దరు రాలేదని, అందరు వాణ్ణి ఇప్పటికీ తలుసుకుంటరని, మీ అసోంటి తల్లికి దండమని.

ఆమె చెయ్యి లేపలే. మొత్తం ఇన్నది.

"సుబేదారు గింత మంచోడెప్పుడైండే?" అన్నది.

నేను మౌసు వట్టుకొని తెరను ఊకె కిందికి మీదికి జరిపిన.

"గింత మంచు కురిపిచ్చినవ్. అండ్ల జరంత సలి లేదేందే, బిడ్డా?"

ఆమె సంచి సదురుకున్నది. "అసలు అండ్ల ఏమున్నదో చెప్పకు. నువ్వు దాసినవంటె అంత పాడు మాటే అయ్యుంటది. నేను మోస్త తియ్." అని లేచి, ఎండల నడుసుకుంట పోయింది.

ఉరికి పోయి, "పాడు మాట కాదమ్మా, ఏ మాటా లేదు" అనాలె. అనలే. ఎవలకూ యాది లేడు అనుడు ఇంకింత పాడేమో అని ఆగిన. ఇయ్యాల్ల, రేపు అనుకుంట రెండేండ్లు గడిపిన. రెండు సార్లు ఆమె ఇంటి దాక పోయి, గేటు వట్టుకొని ఎనకకు వచ్చిన. తొవ్వల ఎదురైతె, "మంచిగున్నవా బిడ్డా" అని అడిగి ఆగకుంట పోతుండె. సెంటర్లకు మళ్ల రాలే. గుంపుల "టీచరమ్మ గారు ఏరీ?" అని అడిగిండ్రు, సుబేదారు సుత అడిగిండు. జవాబియ్యలే. నేను గుచ్చిన ముల్లు నేనే తీయాలె, తీయలే. నా కొడుకు ఏదో సిగ్గుమాలిన పని చేసిండు అని కడుపుల పెట్టుకొనే ఆమె పోయింది. అది సుబేదారు అనలే. నేను అనిపిచ్చిన. దీనికి మాఫీ ఎవలిస్తరు? ఇచ్చేటామె లేదు.

మట్టికి నేను సుత పోయిన. సమాధుల తోట ఎనక చెరుకు మనిషెత్తు పెరిగింది. పాట పాడిండ్రు, పాస్టరు వాక్యం చదివిండు. పెట్టె దించినంక సొంతోళ్లు తలా ఓ గుప్పెడు మన్ను ఏస్తరు, వాళ్లల్ల ఆనవాయితీ. కోటగిరి నుంచి వచ్చిన ముసలి అన్న ఏసిండు. పాస్టరు కొత్తాయన, ఏమెరుక లేదు. "కొడుకులున్నరా? కొడుకు తరపున ఎవలన్న రాండ్రి" అన్నడు. ఎవ్వలు కదల్లే. ఒకామె దగ్గింది. అప్పట్ల ఆమె బల్ల మీద కూసోకపోయిన ఆడోళ్లు ముసలోళ్లయి అక్కడ్నే ఉన్నరు, భూమి దిక్కు చూస్తున్నరు.

నేను ఒంగి గుప్పెడు మన్ను తీసుకున్న. రెండడుగులేసిన. వాని పేరు మీద ఇది ఏస్తే, ఇది కూడ నేను అల్లిన జవాబే అయితది గదా అనిపిచ్చింది. కాళ్లు ఆగినయి. పారలోళ్లు నా దిక్కు జరసేపు చూసి, ఇగ ఊకె ఉండలేక మన్ను గుంజుడు మొదలువెట్టిండ్రు.

ఇంటికి నడిచే వచ్చిన. వాకిట్ల చెప్పులు ఇడుస్తుంటె మా ఆయన, "చేతిల ఏందది?" అన్నడు. అప్పటిదాక నాకే సోయి లేదు. గుప్పిలి ఇప్పిన. చెమటకు ముద్దయి, వేళ్ల అచ్చులు వడి, ఆ మన్ను అట్లనే ఉన్నది.